చెంగల్వ చూపిన దారి

ఇప్పలకోన అనే అడవిలో అడవిదున్న తాత, బండయ్య అనే ఎలుగుబంటి, సూరమ్మ అనే ముళ్లపంది, ఇంకా ఎన్నో జింకలూ కుందేళ్లూ ఉండేవి.

ఒక వేసవిలో వాగులన్నీ ఎండిపోయాయి. లోతైన పల్లంలో ఒక్క మడుగు మిగిలింది. చెంగల్వ అనే జింక పిల్లకు పుట్టుకతోనే ముందుకాలు ఒకటి వంకర. నిటారుగా ఉన్న ఆ మడుగు గట్టు దిగలేకపోయేది. తల్లి తడిగడ్డి నోట కరుచుకుని తెచ్చేది. ఎండలు ముదిరాక ఆ తడి చాలలేదు. పిల్ల నాలుక పిడచగట్టుకుపోయింది.

"అందరూ దిగగలిగే దారి వేయండి," అన్నాడు అడవిదున్న తాత.

"ఆ పనిలో నన్ను మించినవాడెవడు?" అంటూ బండయ్య గట్టుకు మెట్లు తవ్వాడు. కాలికి తీగ బిగించుకుని, కుంటుతూ ఒకసారి దిగి చూశాడు. పైకొచ్చి తీగ విప్పేశాడు. "కుంటివాళ్ల కష్టమంతా నాకు తెలిసిపోయింది," అన్నాడు గొప్పగా.

చెంగల్వ మూడో మెట్టు మీదే బోర్లా పడింది.

"మెట్లు బాగానే ఉన్నాయి. దాని కాలే బాగాలేదు," అన్నాడు బండయ్య.

"ముందు ఆ పిల్లను అడగాల్సింది," అంది సూరమ్మ.

"పసిదానికేం తెలుసు?" అని బండయ్య నవ్వాడు.

సూరమ్మ చెంగల్వ పక్కన కూర్చుంది. "దారి ఎలా ఉండాలో నువ్వే చెప్పమ్మా."

"నన్నెవరూ ఇలా అడగలేదు అత్తా!" అంది చెంగల్వ. దాని కళ్లు చెమర్చాయి.

ఆ పూటే ఇద్దరూ గట్టు వెంట నడిచారు. చెంగల్వ చెప్పిన చోటల్లా సూరమ్మ ఒక ముల్లు గుచ్చింది.

"ఇక్కడ మెట్లు వద్దు, వాలు కావాలి. ఇక్కడ ఆగి ఊపిరి తీసుకునే చోటుండాలి. నీళ్ల అంచున రొమ్ము ఆనించుకోవడానికి ఒక బండ కావాలి. వాగులోనూ అలాగే తాగేదాన్ని."

బండ సంగతి అడవిలో ఇంకెవరికీ తట్టలేదు. అడవిదున్నలు ముళ్ల వెంట నేలను తొక్కి వాలు చేశాయి, బండను దొర్లించి పెట్టాయి. మర్నాడు చెంగల్వ తనంతట తానే దిగి కడుపునిండా నీళ్లు తాగింది. సూరమ్మకు చెంగల్వ తల్లి పదేపదే దండం పెట్టింది. ముసలి జింకలూ చూలుతో ఉన్న కుందేళ్లూ కూడా అదే దారి పట్టాయి.

బండయ్య మాత్రం మూతి ముడుచుకుని తన మెట్లే దిగేవాడు. ఒకరోజు ఇప్పపూలు మెక్కి, తూలుతూ మెట్టు తప్పాడు. కాలు మెలిపడింది. ఈసారి విప్పేయడానికి తీగ లేదు. మూలుగుతూ వాలు వెంట దిగి, ఆ బండకు ఆనుకుని దాహం తీర్చుకున్నాడు.

"నన్ను బతికించావు తల్లీ," అన్నాడు చెంగల్వతో. "ముందే నిన్ను అడగకపోవడం నా తప్పే. వానల్లో అందరం తలదాచుకునే గుహకు ముందే దారి వేయాలి. ఎలా వేయమంటావు?"

చెంగల్వ కుందేళ్ల వైపు చూసింది.

"కాలు తెగిన కుందేలు పిల్లను కూడా పిలవండి మామా. దాని కష్టం నాకు తెలియదు కదా!"

నీతి: ఎవరి కోసం దారి వేస్తున్నామో, ముందు వారినే అడగాలి.