ఇంకా ఏడు సెకన్లుండగా

నూకరత్నం ఆ కాగితం తెచ్చి మాస్టారి ముందు స్టూలు మీద పెట్టింది. గాలికి ఎగిరిపోతుందని దాని మీద ఒక గ్లవుజు పెట్టింది.

"సంతకం పెట్టమంటున్నారు మాస్టారూ. పెట్టీమంటారా?"

మాస్టారి పేరు దేవసహాయం. విశాఖపట్నంలో ఓడరేవు కూలీల పేట చివర, రేకుల షెడ్డులో బాక్సింగు నేర్పుతాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనా ఓడల దగ్గర బస్తాలు మోసినవాడే. ముప్పయ్యేళ్ళు రిఫరీగా చేశాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. తాళ్ళ మధ్య నుంచి దూరి రింగులోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

రత్నం పన్నెండో ఏట ఆయన దగ్గరికి వచ్చింది. కొన్నాళ్ళు ఆడింది. తరవాత రిఫరీ అయింది. బేడ్జీ వచ్చి ఆరేళ్ళయింది.

మాస్టారు కాగితం ముట్టుకోలేదు.

"నిద్రపోయేవా?" అని అడిగాడు.

"లేదండీ. రెండ్రోజులైంది."

"కూచో. ఏటి జరిగిందో చెప్పు."

చెప్పడానికి ఎక్కువ లేదు. ఊరంతా అప్పటికే చెప్పుకుంటోంది. మొన్న ఆడపిల్లల ఫైనలు జరిగింది. అందులో సత్యవేణి అని పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆడింది. చేపల రేవు దగ్గర వాళ్ళ ఇల్లు. మొదటి రెండు రౌండ్లూ ఆ పిల్లే బాగా ఆడింది. ఆఖరిదైన మూడోదీ సగం దాకా ఆ పిల్లదే. గెలిస్తే రాష్ట్రం మెడల్ వస్తుంది. ఆ మెడల్ ఉంటే రైల్వేలో ఆటల కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడో రౌండు అవడానికి ఇంకా ఏడు సెకన్లుండగా రత్నం ఇద్దరి మధ్యకీ వెళ్ళి చేతులూపి ఆట ఆపేసింది. అలా ఆపితే గెలుపు అవతలి పిల్లకి పోతుంది. అంతకుముందు ఎన్ని పాయింట్లు వచ్చినా లెక్కలోకి రావు.

"హాలంతా లేచిపోయేరండీ. ఏడు సెకన్లు ఆగలేకపోయేవా, నీకు బస్సు తప్పిపోతోందా అని ఒకటే కేకలు. ఎవరో నీళ్ళ సీసా విసిరేరు. ఇదిగో, ఇక్కడ తగిలింది." మోచెయ్యి తిప్పి చూపించింది.

"ఆ పిల్ల?"

"నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. బాగానే ఉన్నానక్కా, బాగానే ఉన్నానక్కా అని."

"దానికి ముందు?"

రత్నం మోచెయ్యి రుద్దుకుంది.

"ముందు దవడ మీద ఒకటి గట్టిగా తగిలిందండీ. తాళ్ళ మీద వాలిపోయింది. చేతులు కిందకి దిగిపోయేయి. చూద్దాం, తేరుకుంటాదేమో అనుకున్నాను. సరిగ్గా అప్పుడే చెక్కలు కొట్టేరు."

రౌండు అవడానికి ఇంకా పది సెకన్లుందనగా, గడియారం బల్ల దగ్గర కూర్చున్న మనిషి రెండు చెక్కముక్కలు టపామని కొడతాడు. ఆ చప్పుడు వింటే రింగులో ఉన్న ముగ్గురికీ తెలుస్తుంది, అయిపోవచ్చిందని.

"పదే కదా, గట్టెక్కేస్తాదిలే అనుకున్నాను. ఈలోగా ఇంకో మూడు తగిలేయి. అప్పుడాపేను."

మాస్టారు తలూపాడు. ఔననీ కాదు, కాదనీ కాదు. విన్నానని.

"ఈ కాగితం ఎవరు తెచ్చేరు?"

"వాళ్ళ నాన్న లోకనాథం. ఎవరి చేతో రాయించుకొచ్చేడు. 'నేను తొందరపడి ఆట ఆపాను' అని ఉందండి. దాని కింద నేను సంతకం పెడితే బాక్సింగు సంఘం వాళ్ళు మళ్ళీ కూచుని తీర్పు మారుస్తామన్నారంట. నన్ను తిట్టినా బాగుండేది మాస్టారూ. తిట్టలేదు. మా ఇంటి మెట్టు మీద కూచుని, నువ్వూ ఆడినదానివే కదమ్మా అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగేడు. వెళ్ళిపోయేడు. సాయంత్రం నాలుగింటికి కాగితం కోసం ఇక్కడికే వస్తానన్నాడు."

ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. బండెడు బట్టలు ఉతికి వచ్చిన మనిషిలా మాట్లాడుతోంది.

"రెండు అనుకున్నానండీ. ఒకటి, ఇది పెట్టీసి ఆ సత్యవేణి గుంట దారి ఆ గుంటని చూసుకోనివ్వడం. రెండోది, ఇంక చెక్కలు కొట్టేక నేనెవర్నీ ఆపను. ఆ పది సెకన్లలో ఎవరికి ఏటైతే అదే అవనీ. అందరూ అదే కదా కావాలంటున్నారు. నాకు ఓపిక లేదు. చెప్పండి, నేను ఆపడం తప్పా?"

మాస్టారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మందుల పెట్టె తెరిచి, ముక్కులంట రక్తం వస్తే పెట్టడానికి ఉంచిన దూది కొంచెం తుంచాడు. దానికి వాసలీను రాసి, వేళ్ళ మధ్య రెండు ఉండలు చుట్టాడు.

"తల వంచు."

ఒక చెవిలో గట్టిగా దూర్చాడు. రెండోది పెట్టేముందు చెప్పాడు.

"రౌండు ఎప్పుడైందో నేను చూసుకుంటాను. నేను తువ్వాలు ఊపితే అయినట్టు. అందాకా నీ పని నువ్వు చేసుకో."

తరవాత వెళ్ళి గడియారం మొహాన్ని గోడ వైపు తిప్పి పెట్టాడు.

షిఫ్టు దిగిన ఓడరేవు కుర్రాళ్ళు అప్పటికే ప్రాక్టీసుకి వచ్చి చేతులకి గుడ్డలు చుట్టుకుంటున్నారు. అందులో ఎర్రయ్య అనేవాడు కాస్త నోటిదురుసు మనిషి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు, అయినా వాడి నోరు ఊరుకోదు.

"అక్కకి చెవిపోటేటి మాస్టారూ?"

"నీ వాగుడు పడలేకరా."

అందరూ నవ్వారు. రత్నానికి నోళ్ళు తెరుచుకోవడమే కనిపించింది.

ఆమె రింగెక్కి రిఫరీగా నిలబడింది. మొదటి ఆటలో మెడ మాటిమాటికీ గడియారం బల్ల వైపు తిరిగింది. అది అలవాటు. ఎప్పుడడిగినా ఇంకా ఎంత టైముందో చెప్పగలదని రిఫరీలందరిలోనూ ఆమెకి పేరు. ఆమెకీ అది గొప్పగానే ఉండేది. ఇప్పుడు చెవుల్లో తన ఊపిరి తప్ప ఏమీ లేదు. బల్ల దగ్గర ఎవరూ లేరు. గోడ మీద గడియారం వీపు కనబడుతోంది.

మాస్టారు ఒక రౌండు నాలుగు నిమిషాలు నడిపించాడు. ఒకటి నిమిషానికే ఆపేశాడు. ఆమెకి ఏదీ అందలేదు. లోపల లెక్క పెట్టుకోవాలని చూసింది. యాభై దాటాక తప్పిపోయింది.

ఒక జత దిగితే ఇంకో జత ఎక్కారు. పైన రేకులు కాగిపోతున్నాయి. పిక్కలు పట్టేశాయి. రెండు రాత్రుల నిద్ర కళ్ళ వెనకాల బరువుగా వేలాడుతోంది. మూడో జత వచ్చేసరికి ఆమె బల్ల వైపు చూడడం మానేసింది. మానాలని కాదు, ఓపిక లేక. ఎదురుగా ఉన్న రెండు మొహాలూ, నాలుగు కాళ్ళూ చూసుకుంటూ తిరిగింది.

అయిదో జత ఎర్రయ్య, కొండబాబు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే ముఠాలో బస్తాలు మోస్తారు. వాళ్ళిద్దరికీ ఆటంటే సరదా. బాగా కొట్టుకున్నారు. ఎర్రయ్యదే పైచేయి. కొండబాబుని మూలకి నెట్టి, నాలిక బైట పెట్టి వెక్కిరించాడు కూడా.

అప్పుడు కొండబాబు ఎడం చెయ్యి పక్కనుంచి వచ్చి ఎర్రయ్య చెవి మీద తగిలింది.

పెద్ద దెబ్బేం కాదు. కానీ ఎర్రయ్య మోకాలు ఒకటి లోపలికి వంగింది. గ్లవుజులు నడుం దాకా జారాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎటు చూస్తున్నాయో తెలీలేదు.

కొండబాబు రెండో చెయ్యి ఎత్తేలోగా రత్నం మధ్యలో ఉంది. ఎర్రయ్యని రెండు చేతులా పట్టుకుంది. వాడు ఏదో అరుస్తున్నాడు. ఆమె వినలేదు, వినబడదు కూడా. వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి కళ్ళలోకి చూసింది. వదల్లేదు.

మాస్టారు తాళ్ళ దగ్గరికి వచ్చి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెవులు చూపించి, తియ్యమన్నట్టు సైగ చేశాడు. ఆమె దూది పీకేసింది. షెడ్డులో చప్పుడంతా ఒక్కసారి మీద పడింది.

"ఏటక్కా ఇది!" ఎర్రయ్య గింజుకుంటున్నాడు. "నేను బాగానే ఉన్నాను! గెలుస్తున్నాను కూడా. మాస్టారు తువ్వాలు ఊపబోతున్నారు, నేను చూసేను. ఆ కాస్తకి ఆపేస్తావేటి?"

"ఎంతుందో నాకు తెలీదురా" అంది రత్నం.

ఆ మాట అనేసి, అలాగే నిలబడిపోయింది.

"ఇంకోటి కొడదామనుకున్నాను, అడ్డొచ్చేసింది" అన్నాడు కొండబాబు నవ్వుతూ. "ఒక్కటికే ఆపేస్తే ఎలాగక్కా?"

"ఒక్కటే. మొన్న ఇంకో మూడు" అంది ఆమె. ఎవరితో అందో వాళ్ళకి అర్థం కాలేదు.

ఎర్రయ్య రింగు దిగబోతూ మెట్టు తప్పాడు. కొండబాబు నవ్వు ఆపి వాడి జబ్బ పట్టుకున్నాడు. మాస్టారు వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, తల మీద తడిగుడ్డ వేసి, ఇవాళ్టికి చాలు, కదలకు, వాడి పక్కన ఉండండిరా అని చెప్పాడు. రత్నం వైపు చూడలేదు.

ఆమె స్టూలు దగ్గర నేల మీద కూలబడింది. గ్లవుజు కింద నుంచి కాగితం లాగింది. చెమట చుక్క ఒకటి దాని మీద పడితే మణికట్టుతో తుడిచింది. తరవాత కలం అడిగి తీసుకుంది. ఒక్క మాట కొట్టేసింది. దాని పైన ఇంకో మాట రాసింది. కింద సంతకం పెట్టింది.

లోకనాథం చెప్పిన టైముకే వచ్చాడు. చెప్పులు బైట విడిచాడు. మాస్టారికి దణ్ణం పెట్టాడు. రత్నం లేచి కాగితం అందించింది. సంతకం కనబడగానే ఆయన మొహం విచ్చుకుంది.

"చల్లగా ఉండమ్మా" అన్నాడు.

అప్పుడు చదివాడు. పెదాలు కదుపుతూ, రెండుసార్లు.

"ఇదేటమ్మా? 'తొందరపడి' కొట్టేసేవు. 'ఆలస్యంగా ఆపాను' అని రాసేవు."

రత్నం తల దించుకుంది.

"ఇది పట్టుకెళ్తే నా గుంటకి మెడల్ రాదు. నీ బేడ్జీ కూడా పీకేస్తారు. ఎవరికేటి ఒరిగిందమ్మా?"

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. బేడ్జీ పోతుందన్న మాట విన్నట్టే ఉంది. కొత్తగా విన్నట్టు లేదు.

లోకనాథం మాస్టారి వైపు తిరిగాడు.

"మీరైనా చెప్పండి మాస్టారూ. ఆవిడ చిన్నది, భయపడింది. మీరు ఎన్ని చూసేరు! ఏడు సెకన్లండీ. ఏడంటే ఏడు. ఎవరో చెప్తే చెప్పడం లేదు. నేను ముందు వరసలోనే కూచున్నాను. గోడ మీద ఎర్ర అంకెలు. పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. నా కళ్ళతో నేను చూసేను."

మాస్టారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరికీ ఎదురుగా ఖాళీ రింగు ఉంది.

"నువ్వు కూడా గడియారమే చూసేవా, నాయనా?" అన్నాడు మాస్టారు.