దేవ్ సార్ చేసిన పేజీ

ఉట్నూరు వైపు ఒక చిన్న కేంద్రంలో గోండు పిల్లలకు వెబ్ డిజైన్ నేర్పే దేవ్‌రావుకు ఒక చిక్కు వచ్చిపడింది.

ఎవరి గురించి వాళ్లు ఒక పేజీ తయారు చెయ్యమని పిల్లలకు చెప్పాడు. చేశారు. రంగులు కుదిరాయి, బొమ్మలు ఎక్కడివక్కడ అమరాయి. కానీ ఏ పేజీ తెరిచినా అదే మాట. క్రికెట్ ఇష్టం, పెద్ద ఉద్యోగం చెయ్యాలని ఉంది. పేరు మారిస్తే చాలు, ఒకరి పేజీ ఇంకొకరికి సరిపోతుంది.

మడావి భీంబాయి ఒక్కతే ఏమీ రాయలేదు. తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల. నీ గురించి నీకే తెలియదా అని దేవ్‌రావు నలుగురిలో గట్టిగా అడిగాడు. ఆమె తల వంచుకుంది. మర్నాటి నుంచి రావడం మానేసింది.

అతనికి మనసు నిలవలేదు. యమునాబాయి దగ్గరికి వెళ్లాడు. ఆ కేంద్రం నడిపేది ఆవిడే, ఒకప్పుడు అతన్ని మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిందీ ఆవిడే. పిల్లల చేత తమ గురించి ఎలా చెప్పించాలో తనకు తెలియడం లేదన్నాడు.

ఆవిడ అంతా విని లేచింది. భీంబాయి ఇంటికి తనే వెళ్లి, నచ్చజెప్పి తీసుకొచ్చింది. తరగతిలో దేవ్‌రావును పిల్లల వరుసలో, భీంబాయి పక్కన కూర్చోమంది.

"ఇవాళ మీ సార్ తన పేజీ చేస్తాడు. మీరు అడగండి" అంది పిల్లలతో.

అతను పేరు కొట్టాడు, దేవ్ అని. తర్వాత పట్నంలో చదివిన కాలేజీ. అక్కడితో వేళ్లు ఆగిపోయాయి.

పక్క నుంచి భీంబాయి అడిగింది.

"మీ అమ్మతో ఏ భాషలో మాట్లాడతారు సార్?"

తరగతిలో అతను తెలుగు, ఇంగ్లీషు తప్ప మరో ముక్క మాట్లాడి ఎరగడు. ఫోను తీసి అమ్మకు వీడియో కాల్ చేశాడు. చేతుల మీది పచ్చబొట్లు చూపించమని గోండిలో అడిగాడు. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకని ఆమె నవ్వింది. తడి చేతులు చీరకు తుడుచుకుని ముందుకు చాపింది. పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి చూశారు. మా అవ్వకూ ఇలాగే ఉన్నాయని ఎవరో అన్నారు.

దేవ్‌రావు ఆ చేతుల ఫొటో పేజీలో పెట్టాడు. పైన ఉన్న పేరు చెరిపి, ఇంటిపేరుతో సహా సిడాం దేవ్‌రావు అని తిరిగి రాశాడు.

అప్పటికే భీంబాయి తన కంప్యూటర్ వైపు తిరిగింది. ఇంకొందరు పాత పేజీలు తెరిచి చెరుపుతున్నారు. భీంబాయి ఏం రాస్తోందో చూడాలని అతను లేవబోయాడు. యమునాబాయి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పిలిచినప్పుడు వెళ్లు."

అతను కూర్చుండిపోయాడు. గదిలో కీబోర్డుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి భీంబాయి తల తిప్పకుండానే పిలిచింది. సార్ అనలేదు. ఇంట్లో అన్నను పిలిచినట్టు, దాదా అంది.