మహారాజుగారి పిండి తలలు

ఏడు సముద్రాల అవతల, ఎముకలు కొరికే చలిదేశంలో, వెల్డెన్ అనే బుల్లి రాజ్యం ఉండేది. రెండువందల యాభయ్యేళ్ల కిందటి మాట. ఆ రోజుల్లో అక్కడ మగవాళ్ల గొప్పంతా నెత్తిమీదే ఉండేది. విగ్గు పెట్టి, చెవుల దగ్గర జుట్టు ఉంగరాలు చుట్టి, పైన మెత్తటి గోధుమపిండి చల్లుకుంటేనే పెద్దమనిషి కింద లెక్క.

వెల్డెన్ రాజు ఆడల్‌బర్ట్‌కి ఈ పిచ్చి మరీ ముదిరింది. సిపాయిలు కూడా రోజూ తలకి పిండి పట్టించాల్సిందేనని శాసనం చేశాడు.

ఇలా ఉండగా పొరుగు క్రోనెబర్గ్ రాజుతో సరిహద్దు తగాదా వచ్చింది. రెండు సైన్యాలూ ఒక పిల్లకాలువకి చెరో గట్టునా దిగాయి. తెల్లారితే యుద్ధం. వానలకి దారంతా బురదై వెల్డెన్ వాళ్ల సామాన్ల బండ్లు వెనకెక్కడో దిగబడిపోయాయి. మిగిలింది ఆరు బండ్ల పిండి. అదేమో తలలకి కేటాయించింది. రెండు రోజులుగా సిపాయిల కడుపులో రొట్టెముక్క పడలేదు.

రాజుగారి ఆస్థాన క్షురకుడి పేరు యోస్ట్. రాజు తల రోజూ తన చేతిలోనే ఉంటుంది కాబట్టి కాస్త చనువున్నవాడు. అతని తమ్ముడు మాథిస్ ముందు వరసలో సిపాయి.

"అన్నా, తుపాకీ ఎత్తితే చేతులు వణుకుతున్నాయి. రేపు నేను తిరిగి రాను" అన్నాడు మాథిస్.

యోస్ట్ తిన్నగా రాజు డేరాలోకి వెళ్లాడు.

"ప్రభూ, ఆ పిండితో రొట్టెలు చేయిద్దాం. ఆకలితో ఉన్నవాడు ఏం యుద్ధం చేస్తాడు?"

"రొట్టెలా! అవతల క్రోనెబర్గ్ వాళ్లు తెల్లటి తలలతో తళతళలాడుతుంటే, మనవాళ్లు ఈకలు పీకిన కోళ్లలా నిలబడాలా? కుదరదు."

"తమ నోటితోనే ఆ ఆజ్ఞ ఇప్పిస్తే?"

రాజు పకపకా నవ్వాడు. "సాయంత్రంలోపు ఇప్పించు, పిండంతా వాళ్లదే. ఇప్పించలేకపోయావో, రేపు నీ తమ్ముడి పక్కనే నిలబడతావు. తుపాకీ కూడా ఇవ్వను. దువ్వెనతో పోరాడు!"

"చిత్తం. అందాకా శాసనం దగ్గరుండి అమలు చేస్తాను. అందరి తలలూ అచ్చం తమ తలలాగే ఉండాలి, అంతేగా?"

"అంతే!" రాజు మురిసిపోయాడు.

యోస్ట్ రాజుగారు విడిచిన పాత విగ్గులు మూడు వెతికి తీశాడు. ఒకటి డప్పు కొట్టేవాడికి, ఒకటి వంటాయనకి, ఒకటి కంచరగాడిదలు తోలే ముసలాయనకి పెట్టాడు. అవే ఉంగరాలు చుట్టి, అదే తీరున పిండి చల్లాడు. వాన కదా, దండులో అందరూ నల్లకంబళ్లు కప్పుకుని ఉన్నారు. కనిపించేవి తలలే.

మధ్యాహ్నం క్రోనెబర్గ్ రాయబారి వచ్చాడు. యుద్ధానికి ముందురోజు ఎదుటి రాజుని మర్యాదగా పలకరించి వెళ్లడం వాళ్ల ఆచారం. ఆయన మొదట డప్పువాడికి వంగి దండం పెట్టాడు. వాడు తెల్లమొహం వేశాడు. పొరపాటు గ్రహించి వంటాయన ముందు మోకరిల్లాడు. వంటాయన గరిటెతో ఆశీర్వదించాడు. మూడోసారి గాడిదల ముసలాయన చెయ్యి ముద్దుపెట్టుకుని, "మహారాజా, తమ కీర్తి మా దేశందాకా వినబడుతోంది" అన్నాడు.

దండంతా గొల్లుమంది. ఆ గోలకి అసలు రాజు కంబళి కప్పుకుని బయటికొచ్చాడు. అదే తల నాలుగోసారి కనబడేసరికి రాయబారి విసుక్కుంటూ, "ఓయ్, మీ రాజుగారెక్కడోయ్?" అన్నాడు.

రాజు మొహం కందగడ్డలా అయింది. రాయబారి అటు వెళ్లాడో లేదో గర్జించాడు. "యోస్ట్! గాడిదలవాడి నెత్తిన నా విగ్గేమిటి?"

"తమ శాసనమే ప్రభూ. ముగ్గురే అయ్యారు. సాయంత్రానికల్లా ఐదువేలమంది మహారాజులు తయారైపోతారు."

"ఆపు! ఈ దండులో తెల్లతల నాదొక్కటే ఉండాలి. అందరూ ఇప్పుడే తలలు కడుక్కోండి!"

"మరి ఆరు బండ్ల పిండి?"

"నాకెందుకయ్యా ఆ పిండి సంగతి? రొట్టెలు చేసుకు తినమను!"

అనేశాక రాజు నాలిక కరుచుకున్నాడు. అప్పటికే సిపాయిల కంబళ్లు గాల్లోకి ఎగిరాయి.

మర్నాడు పొద్దున్న రొట్టెలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. గాలి అవతలి గట్టుకి వీస్తోంది. అక్కడ క్రోనెబర్గ్ సిపాయిలు తెల్లటి తలలతో బారులు తీరారు. వాళ్లదీ ఇదే బాధ, పిండంతా నెత్తిమీదే ఉంది మరి. వేడి రొట్టె వాసన ముక్కుకి తగిలేసరికి ఒకడు తుపాకీ కింద పడేసి కాలువలోకి దిగాడు. వాడి వెనక పదిమంది, పదిమంది వెనక పటాలం. "ఆగండ్రా!" అని కత్తి ఝళిపిస్తూ సేనాపతి కూడా వెంటపడ్డాడు. గట్టెక్కేసరికి మాథిస్ ఆయన చేతిలోనూ ఓ రొట్టె పెట్టాడు. ఆయన కత్తి ఒరలో పెట్టి తినసాగాడు. ఒక్క తుపాకీ పేలలేదు. ఒంటరివాడైన క్రోనెబర్గ్ రాజు మధ్యాహ్నానికి సంధి చేసుకున్నాడు.

ఆడల్‌బర్ట్ ఛాతీ ఉబ్బిపోయింది. "యోస్ట్, ఈ విజయం గురించి చరిత్రలో ఏమని రాయించాలంటావు?"

"'సిపాయిల ఆకలి చూడలేక మహారాజు స్వయంగా రొట్టెలకి ఆజ్ఞ ఇచ్చారు' అని రాయించండి ప్రభూ. ఆజ్ఞ మాట ఐదువేలమంది విన్నారు. అబద్ధమల్లా 'ఆకలి చూడలేక' అన్న మాటే."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ విగ్గు ఊడి బురదలో పడినా వంగి తీసుకోలేదు. నడుముకున్న పిండికొట్ల తాళాలగుత్తి విప్పి యోస్ట్ చేతిలో పెట్టాడు.

అప్పట్నుంచి వెల్డెన్‌లో ఏ సిపాయీ పస్తు పడుకోలేదు. రాజుగారి విగ్గుకి మాత్రం యోస్ట్ రోజుకో గుప్పెడు పిండి ఇచ్చేవాడు, అదీ సిపాయిల భోజనాలయ్యాకే.