ముద్దెంత, ముక్కలెన్ని

అనగనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక చింతతోపును ఆనుకుని చిన్న ఊరుండేది. ఆ ఊళ్ళో ఓబులమ్మ అనే పిల్ల ఉండేది. అమ్మ, ఓబులమ్మ, తమ్ముడు గంగన్న. ఇంట్లో ముగ్గురే. పూటకొక రాగిసంగటి ముద్ద. అమ్మ తడిచేత్తో దాన్ని మూడు ముక్కలు చేసేది.

తోపు ఊరివాళ్ళది కాదు, సిద్ధప్ప అనే ఆసామిది. ఊరంతా కలిసి చింతకాయ రాల్చి, ఒలిచి పెడితే, వచ్చిన పండులో మూడో వంతు ఊరికిచ్చేవాడు. ఆ పండు ఇచ్చి రాగులు తెచ్చుకుంటే వానలదాకా గడిచిపోయేది. బేరానికొక పద్ధతుంది. మాట కుదిరాక ఊరి పిల్లలు గుప్పెడేసి చింతగింజలు నేలమీద చల్లాలి. గింజలు పడందే కొమ్మ మీద చెయ్యి పడకూడదు.

ఒక ఏడు సిద్ధప్ప వచ్చాడు. "ఇన్నేండ్లూ మీకు మూడో వంతే ఇస్తి. పాపం, శానా కష్టపడతాండారు. ఈ యేడు నాలుగో వంతిస్తా పోండి," అన్నాడు.

ఊరిపెద్ద కొండన్నకు లెక్కలు రావు. ఓబులమ్మకు వేళ్ళమీద లెక్కొచ్చు. అందుకని ఆమెనే అడిగాడు.

"మ్మే, మూడు పెద్దదా, నాలుగు పెద్దదా?"

"నాలుగే పెద్దది పెదనాయనా!"

గింజలు పడ్డాయి. ఊరు పలకడప్పులు కొట్టి ఎగిరింది. సిద్ధప్ప మీసాల చాటున నవ్వుకుంటూ పోయాడు.

ఆ యేడు వానలింకా రాకముందే రాగులు అయిపోయాయి. కాపు తక్కువేమో అన్నారు కొందరు. కొలత తప్పిందేమో అన్నారు ఇంకొందరు. ఎవరేమన్నా కుండలు మాత్రం ఖాళీ. తిండి దొరుకుతుంది కదా అని కాస్త ఎదిగిన మగపిల్లల్ని దేశాలు తిరిగే గొర్రెలమందల వెంట పంపేశారు. గంగన్న కూడా వెళ్ళాడు.

"అక్కా, నా ముక్క తినేయొద్దు," అన్నాడు వెళ్తూ వెళ్తూ.

"తిననులేరా. నువ్వొచ్చినాక ఇస్తా."

కొన్నాళ్ళకు వాళ్ళ మేనత్త తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లో ఇప్పుడు నలుగురు. అమ్మ ముద్దను నాలుగు ముక్కలు చేసింది. ఓబులమ్మ తన ముక్కను చూసుకుంది. ముగ్గురున్నప్పుడు చెయ్యినిండా ఉండేది. ఇప్పుడు చుట్టూ అరచెయ్యి కనబడుతోంది. ముద్ద అదే. మనుషులు పెరిగారు, ముక్క తగ్గింది. ఆమెకు సిద్ధప్ప నాలుగో వంతు గుర్తొచ్చింది. తమ్ముణ్ణి ఇల్లు దాటించింది తన మాటేనని తెలిసి కుమిలి కుమిలి ఏడ్చింది.

లేచి కొండన్న దగ్గరికి పరిగెత్తింది. "పెదనాయనా, నాలుగో వంతు చిన్నది!"

"నాలుగు పెద్దదని చెప్పింది నువ్వే గదమ్మే!" అన్నాడాయన.

బావి దగ్గర ఆడవాళ్ళకు చెప్పింది. తమ్ముడి మీద బెంగతో పిల్లకు మతి చెడిందన్నారు. చెట్లెక్కే మగవాళ్ళకు చెప్పింది. విననైనా వినలేదు.

"పెద్దోళ్ళకు ఎక్కదు. గింజలు చల్లేది పిల్లోళ్ళు గదా," అనుకుంది ఓబులమ్మ. పిల్లల్ని పోగేసింది.

మొదట నోటితో చెప్పింది. పిల్లలు ఆవలించారు.

తర్వాత చింతగింజలతో చెప్పింది. ఒకచోట మూడు కుప్పలు, అన్నే గింజలతో ఇంకోచోట నాలుగు కుప్పలు పోసింది. "నాలుగు కుప్పలుండేదే ఎక్కువక్కా!" అని అరిచారు పిల్లలు.

మూడోసారి ఇంట్లో ఉన్న ఒక్క ముద్దనూ ఎత్తుకొచ్చింది. సమంగా రెండు చిన్న ముద్దలు చేసింది.

"ఒగదాంట్లో మూడో వంతు కావల్నా, ఇంగోదాంట్లో నాలుగో వంతు కావల్నా?"

"నాలుగోది! నాలుగోది!"

ఒక ముద్దను నాలుగు చేసి గట్టిగా అరిచినవాళ్ళకు పెట్టింది. రెండోదాన్ని మూడు చేసి మిగిలినవాళ్ళకు పెట్టింది. అరిచినవాళ్ళు పక్కవాళ్ళ చేతుల్లోకి చూశారు. తమ చేతుల్లోకి చూసుకున్నారు. కొండన్న మనవరాలు లింగి బావురుమంది. పిల్లలకు లెక్క తెలిసింది. ఓబులమ్మ ఇంట్లో ఆ పూట అందరూ పస్తున్నారు. వాళ్ళమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

మర్నాడు అడిగితే పిల్లలంతా "మూడోది!" అన్నారు. ఈసారి ఓబులమ్మ గోళీకాయంత ముద్ద తీసి దాన్ని మూడు చేసింది. పిల్లలు తెల్లమొహం వేశారు.

"అందుకే ముందు రెండు మాటలు అడగల్ల," అంది ఓబులమ్మ. "ముద్దెంత? ముక్కలెన్ని?"

ఆ రోజునుంచి పిల్లలకు అదే ఆట, అదే పాట. ముద్దెంత? ముక్కలెన్ని?

మళ్ళీ చింతకాయ పండింది. సిద్ధప్ప వచ్చాడు. ఆకాశంలో మబ్బులున్నాయి. వానపడితే కాయ చెట్టుమీదే పాడైపోతుంది.

"ఈసారి అయిదో వంతిస్తా!" అన్నాడు.

పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. పిల్లలు గుప్పిళ్ళు విప్పలేదు.

"సరే, ఆరో వంతు!"

పెద్దవాళ్ళు నోళ్ళు తెరిచారు. పిల్లలు పకపకా నవ్వారు.

"ఎక్కువిస్తానంటే వద్దంటారేందే?" అని లింగిని గదిమాడు కొండన్న.

"తాతా, మనింట్లో నలుగురుంటే నీకు ఎంత ముక్కొస్తాది? ఆరుగురుంటే ఎంతొస్తాది?"

కొండన్న తన అరచెయ్యి చూసుకున్నాడు. ముక్క ఎంత తగ్గుతుందో లెక్క తెలిసి అక్కడే కూలబడ్డాడు.

ఉరిమింది. "సరే, మూడో వంతే తీసుకోండి," అన్నాడు సిద్ధప్ప.

కొండన్న ఒప్పుకుంటూ చెయ్యెత్తబోయాడు. పిల్లలు ఒక్క గొంతుతో అడిగారు. "ముద్దెంత?"

సిద్ధప్ప మబ్బుల వైపు చూశాడు. తోపు మధ్యలో పారే వాగుకు ఇవతలి చెట్ల కాయలోనే మూడో వంతని ఆయన లోపలి మాట.

"ముద్దెంత?"

"తోపంతా," అన్నాడు సిద్ధప్ప.

అప్పుడు పడ్డాయి గింజలు.

ఆ యేడు రాగులు వానలదాకా సరిపోయాయి. మందల వెంట పోయిన పిల్లల్ని వెతికి తెచ్చుకున్నారు. అందరూ వచ్చారు. గంగన్న పోయిన మంద మాత్రం ఏరు దాటి ఎటో వెళ్ళిపోయింది. ఓబులమ్మ నాలుగు దిక్కులూ తిరిగి వెతికింది. కనిపించలేదు.

ఓబులమ్మ ముసలిదైంది. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ ముద్దతోనే లెక్క నేర్పింది. తన ఇంట్లో మాత్రం, ఎందరుంటే అంతకు ఒక ముక్క ఎక్కువే చేసేది. గడప దాకా వచ్చి చూసేది. ఎవరు కనిపిస్తే వాళ్ళకు పెట్టేది. అలా చూస్తూనే ఒకనాడు పోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరేం పంచుతామన్నా, "ముద్దెంత? ముక్కలెన్ని?" అని అడిగిగానీ చెయ్యి చాపరు. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా ముగ్గురుంటే ముద్దను నాలుగు చేస్తారు, నలుగురుంటే అయిదు. మిగిలినదాన్ని ఓబులమ్మ ముక్క అంటారు. దారిన పోయేవాళ్ళను పిలిచి పెడతారు. ఒక ముక్క పెరిగితే తమ ముక్క చిన్నదవుతుందని ఆ ఊళ్ళో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. తెలిసే చేస్తారు.