సలోమీ మాట

అనసూయ గారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రశ్న అడుగుతారు. భానుమూర్తి ఎనిమిదో నెలలో అడిగాడు.

ఆవిడ ఏలూరులో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పాతికేళ్ళ కిందట, మాట పడిపోయి, కాళ్ళూ చేతులూ కదలనివాళ్ళ కోసం ఒక ప్రోగ్రాం రాశారు. కంప్యూటరు తెలుగు అక్షరాలను వరుసగా చూపిస్తూ, ఒక్కో అక్షరానికీ టిక్కుమంటుంది. కావలసిన అక్షరం దగ్గర బొటనవేలితో స్విచ్చి నొక్కితే అది తెరమీద నిలుస్తుంది. ఆ ప్రోగ్రాం ఆనాటి కంప్యూటర్ల మీద తప్ప నడవదు. అందుకని ఆవిడ ఇంట్లో రెండు పాత యంత్రాలు, ఒక రేకు డబ్బా నిండా ఆ ప్రోగ్రాం కాపీలున్న ఫ్లాపీలు ఉండేవి. నెలకోసారి ఫ్లాపీలన్నీ చదివించి చూసి, చెడినవాటికి కొత్త కాపీలు తీసి, ఆ సంగతి నోట్‌బుక్కులో రాయాలి. నలభై ఏళ్ళ భానుమూర్తికి సొంత రిపేరు షాపు ఉంది. ఈ పని అతనికి విసుగనిపించింది.

“ఇప్పుడు ఇద్దరే వాడుతున్నారు కదండీ. ఇంతకన్నా మంచివి బజార్లో ఉన్నాయి. దీన్ని ఇంకా ఎందుకు పట్టుకుని కూర్చోవడం?” అన్నాడు.

అనసూయ గారు ఇంకో ఫ్లాపీ యంత్రంలో పెట్టారు. వాదించడం ఆవిడకు అలవాటు లేదు.

తరవాతి మంగళవారం ఆవిడ కంటి పరీక్షకు విజయవాడ వెళ్ళినప్పుడు ఆకివీడు నుంచి మార్తమ్మ ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లో పని చేసుకుంటున్న భానుమూర్తి ఎత్తాడు. ఆ ప్రోగ్రాం వాడే ఇద్దరిలో మార్తమ్మ చెల్లెలు సలోమీ ఒకరు. ఆమె ఒకప్పుడు బడిలో టీచరు. ముప్పై ఒకటో ఏట మెదడువాపు జ్వరం వచ్చి మంచాన పడింది. కుడిచేతి బొటనవేలు ఒక్కటే ఆమె చెప్పినట్టు వింటుంది.

“ఆదివారం కరెంటు పోయి వచ్చింది బాబూ. అప్పట్నుంచీ మిషను వెలగట్లేదు. మా చెల్లి ముద్ద ముట్టట్లేదు,” అంది మార్తమ్మ.

భానుమూర్తి అదే పూట కొత్త ట్యాబ్లెట్టు పట్టుకుని వెళ్ళాడు. అందులో అక్షరాలు పెద్దవి, రాసింది పైకి చదివే గొంతు కూడా బాగుంది. స్విచ్చి కలిపి సలోమీ చేతికిచ్చాడు. ఆమె నొక్కింది. తప్పుడు అక్షరం పడింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ తప్పే. చూపు మందగించాక ఆమె తెర చూడడం మానేసి, టిక్కులు లెక్కపెట్టుకుని రాస్తోందని అతనికి తెలియదు. కొత్తదానిలో వరుస వేరు, వేగం వేరు. గంటసేపటికి ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

“నొప్పేమైనా ఉందా?” అని అక్క అడిగింది. సలోమీ కళ్ళు మూసి తెరిచింది. అంటే అవును. కడుపా, నడుమా, కాళ్ళా, తలా అని అడిగితే కళ్ళు మూయలేదు. “మిషను గురించేనా బెంగ?” అంది చివరికి. సలోమీ గట్టిగా కళ్ళు మూసింది.

“అలవాటవడానికి నాలుగు రోజులు పడుతుందండీ,” అని చెప్పి భానుమూర్తి వచ్చేశాడు. కానీ ఆ కళ్ళు అతన్ని వదల్లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి అనసూయ గారికి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చెప్పులు వేసుకుంటూనే, “రెండింట్లో బాగున్న మిషను కార్లో పెట్టు,” అన్నారు.

ఆకివీడులో మంచం పక్కనే యంత్రాన్ని బల్లమీద నిలిపారు. మొదటి ఫ్లాపీ గరగరమని చాలాసేపు తిరిగింది, యంత్రం చదవలేనంది. రెండోదీ అంతే. ఆ నెల ఫ్లాపీలన్నీ చూశానని భానుమూర్తి నోట్‌బుక్కులో రాశాడు. నిజానికి పైనున్న నాలుగే చూశాడు. ఇప్పుడు డబ్బాలో ఏది చూసినదో ఏది చూడనిదో అతనికే తెలియదు. మూడోది సగం దాకా వెళ్ళి ఆగింది. అనసూయ గారు అతని వంక చూడలేదు. నాలుగోది అందించారు.

దాన్ని యంత్రం చదివింది. గదిలో టిక్కు, టిక్కుమని మొదలైంది.

సలోమీ కళ్ళు మూసుకుని వింది. బొటనవేలు కదిలింది. ఒక్కొక్క అక్షరమే తెరమీద నిలుస్తుంటే మార్తమ్మ పైకి చదివింది.

“కుడి చెవిలో పురుగు దూరింది. ఆదివారం.”

మార్తమ్మ చెల్లెలి తల ఒళ్ళోకి తీసుకుని చెవిలోకి టార్చి వేసింది. చెవి లోపల ఎర్రగా వాచి ఉంది. అరగంటలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు పురుగును తీసి, ఇంకో రెండు రోజులు ఆగితే చెవి పోయేదన్నాడు. ఇంటికొచ్చాక సలోమీ మొదట రాసింది “ఆకలి”. ఆ తరవాత, “పెరుగన్నం, ఉప్పు తక్కువ.”

తిరుగు ప్రయాణంలో కైకలూరు దాటాక భానుమూర్తి నోట్‌బుక్కు సంగతి చెప్పేశాడు. నిన్న తను తీసుకెళ్ళింది కూడా మంచి యంత్రమేనని, ఎందుకు పనికిరాలేదో ఇప్పటికీ సరిగ్గా తెలియడం లేదని అన్నాడు.

“మంచిదే,” అన్నారు అనసూయ గారు. “దానికి సలోమీ మాట రాదు.”