చుక్కపెట్ట కోపం

ఒకప్పుడు కోడిపిల్లలకు ఈకలు రావడమే ఆలస్యం, గుడ్లు పెట్టేసేవి. ఆడుకోవలసిన వయసులో గంపల్లో కూర్చునేవి.

ఏటి ఒడ్డు ఊళ్లో పైడమ్మ ఇంట అలాంటి పిల్లలు రెండుండేవి. అక్క పేరు చుక్క, చెల్లి పేరు బూది. పైడమ్మ రోజూ గుడ్లు తీసుకునేది, వాటికి మాత్రం ఊక విసిరేది.

"అమ్మా, ఊక గొంతు దిగడం లేదు. గుప్పెడు నూకలు వెయ్యవూ?" అని చుక్క అడిగింది.

"ఊక తినే కదా ఇన్నాళ్లూ గుడ్లు పెట్టారు," అంది పైడమ్మ.

కొన్నాళ్లకు బూది గుడ్లకు పెంకు పోయింది. తోలుసంచుల్లా మెత్తగా వచ్చేవి. పైడమ్మ విసుక్కునేది. ఒక ఉదయం బూది లేవబోతే కాళ్లు వంగిపోయాయి. సాయంత్రానికి ప్రాణం పోయింది.

పైడమ్మ దాన్ని దొడ్లో పాతిపెట్టి వచ్చి, "ఇక దాని వంతు కూడా నువ్వే పెట్టాలి," అంది చుక్కతో.

చుక్కకు ఒళ్లు మండిపోయింది. పైడమ్మ చేతిని రక్తం వచ్చేలా పొడిచి, ఏటిగట్టుకు పరుగెత్తి, రెండు కాళ్లతో నేలను గీరింది.

"నేలతల్లీ, నా చెల్లెలికి ఏమైంది? చెప్పేదాకా గీరుతూనే ఉంటాను."

"పెంకు తిండిలోంచి రావాలి," అంది నేల. "తిండిలో లేకపోతే ఎముక కరిగి పెంకవుతుంది. మీ చెల్లి తన కాళ్లనే గుడ్లుగా పెట్టేసింది."

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు."

"పసిపిల్లలం, మేమెలా అడుగుతాం?" అని చుక్క ఇంకా లోతుగా గీరింది.

నేల సిగ్గుపడింది. పురుగుల్నీ, నత్తగుల్లల ముక్కల్నీ పైకి తోసింది. "ఇవి తిను. ఎముక గట్టిపడి, నీ తలమీది తురాయి ఎర్రబడేదాకా గుడ్డు పెట్టకు. ఎంత బెదిరించినా పెట్టకు."

చుక్క ఇల్లు చేరింది. గంప ఖాళీగానే ఉండేది. చూసి చూసి పైడమ్మ కత్తి తీసింది. "గుడ్డు లేని కోడి కూరకే."

చుక్క కదల్లేదు. "కొయ్యి. నా చెల్లి ఎముకలు రోజుకింత నీ గిన్నెలోనే ఉడికాయి. దాని కాళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో పాతిపెట్టిన చేతులకు తెలీదా?"

పైడమ్మ కత్తి కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి నూకలు, తవుడు, ఆకుకూర వేసింది. ఏటినుంచి గుల్లలు తెచ్చి దంచి పోసింది.

చివరికి తురాయి ఎర్రబడింది. చుక్క పెట్టిన గుడ్డు రాయిలా గట్టిగా ఉంది. పైడమ్మ మురిసిపోయి చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూడగానే చుక్కకు బూది గుర్తొచ్చింది. వీధి వీధంతా వినేలా అరిచింది. "ముందు మేత వెయ్యి. తర్వాతే గుడ్డు." పైడమ్మ మేత తెచ్చినా అరుపు ఆగలేదు.

అప్పటినుంచే పెట్టపిల్ల తురాయి ఎర్రబడేదాకా గుడ్డు పెట్టదు. కడుపు నిండినా నేలను గీరి గుల్లముక్కలు ఏరుకుంటుంది. గుడ్డు పెట్టగానే ఊరంతా వినేలా అరుస్తుంది. సంబరమని మనం అనుకుంటాం. అది కోపం.