పనిబండ మీద సుత్తెమ్మ

అనగనగా ఒక కొండ కింది అడవిలో పని దొరకాలంటే ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే పనిబండ ఎక్కి, తాము చేసే పని నలుగురికీ చెప్పుకోవాలి. మెచ్చినవాళ్ళు చెప్పినవాళ్ళ ముందు ఒక ఆకు వేసేవారు. ఎవరి ముందు కుప్ప పెద్దదైతే వాళ్ళకే పని.

ఆ అడవిలో సుత్తెమ్మ అనే వడ్రంగి పిట్ట ఉండేది. చెట్లకు తొర్రలు తొలవడం ఆమె పని. తొలిచే ముందు చెట్టును మొదలు నుంచి కొమ్మల దాకా ముక్కుతో తట్టి, లోపల పుచ్చు ఉందేమో చెవి పెట్టి వినేది. దానికి ఒక రోజంతా పట్టేది.

మొదటిసారి బండ ఎక్కి, "ఈ నెల మూడు తొర్రలు తొలిచాను. ఒకటి వానకు కారింది, మళ్ళీ బాగుచేశాను" అంది.

రెండాకులు పడ్డాయి. అందులో ఒకటి గాలికి వచ్చిందే!

కింద ఉన్న గోరింక నవ్వింది. గోరింకకు సొంత పనంటూ ఏమీ లేదు పిల్లలూ. పని ఉన్నవాళ్ళకు ఎలా చెప్పుకోవాలో నేర్పడమే దాని పని.

"అక్కా, కారిన సంగతి ఎవడు చెప్పమన్నాడు? కన్నీళ్ళు తెప్పించు. రోజూ కనపడు" అంది.

రెండోసారి సుత్తెమ్మ, చిన్నప్పుడు ముక్కు విరిగినా తొలవడం మానలేదని చెప్పింది. ముక్కు ఎప్పుడూ విరగలేదు. అయినా ఆకులు మోకాలి దాకా వచ్చాయి.

మూడోసారి ఇంకాస్త ధైర్యం వచ్చింది. "ఒక్క దెబ్బతో చెట్టు గుణం చెప్పేస్తాను!" అంది. కుప్పలో సుత్తెమ్మ మునిగిపోయింది.

ఆ కుప్పను చూసి కొమ్మయ్య వచ్చాడు. ముక్కు మీద కొమ్ము ఉండే పెద్ద పిట్ట.

"సుత్తెమ్మక్కా, మా ఆవిడ గుడ్లు పెట్టే వేళైంది. తొర్రలోకి వెళ్ళాక మా ఆడవాళ్ళు వాకిలి మట్టితో మూసేసుకుంటారు. పిల్లలు పెరిగేదాకా బయటికి రారు. సందులోంచి నేనే తిండి పెట్టాలి. ఈ బూరుగు చెట్టు గట్టిదేనా?"

సుత్తెమ్మ ఒక్కసారి తట్టింది. చప్పుడు కాస్త బోలుగా వినిపించింది. ఇంకోసారి తట్టబోయింది.

"అక్కా, జనం వచ్చేశారు!" అని బండ మీంచి గోరింక కేకేసింది.

"గట్టిదే తమ్ముడూ" అంది సుత్తెమ్మ. గబగబా తొర్ర తొలిచేసి బండకేసి ఎగిరిపోయింది.

నెల తిరిగింది. ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. బూరుగు చెట్టు నడిమికి విరిగి, తొర్ర ఉన్న వైపే నేలకు కొట్టుకుంది. లోపలి తల్లికి బయటికొచ్చే దారి లేదు. అందరూ కలిసి మాను దొర్లించేసరికి తల్లీ బతికి లేదు, ఇద్దరు పిల్లలూ లేరు. కొమ్మయ్య ముక్కున మేడిపండు పట్టుకుని, సందు ఎక్కడుందో వెతుకుతూనే ఉన్నాడు.

సుత్తెమ్మకు ఏడుపు కూడా రాలేదు. అంత సిగ్గు, అంత భయం.

గోరింక మెల్లగా పక్కన వాలింది. "బాధపడకక్కా. ఇదే రేపు చెప్పు. పడి లేచినవాళ్ళ మాటంటే అందరికీ ఇష్టం. ఆకులు కొండంత పడతాయి చూడు" అంది.

సుత్తెమ్మ దాన్ని ఒక్క చూపు చూసింది. అప్పుడే, ఆ వానలోనే బండ ఎక్కింది.

"చెట్టును సరిగ్గా తట్టకుండానే గట్టిదన్నాను. నా ముక్కు ఎప్పుడూ విరగలేదు. అలా తట్టకుండా తొలిచినవి ఇంకా మూడున్నాయి. వాగు పక్క మద్ది. ఎర్రదిబ్బ మీది ఇప్ప. జంట నేరేళ్ళలో చిన్నది. వాటిలో ఉన్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇప్పుడే బయటికి రండి!"

ఒక్క ఆకూ పడలేదు. వినేవాళ్ళంతా ఆ చెట్ల వైపు పరుగెత్తారు.

పొద్దు వాలకముందే మద్ది పడింది. దాని వెనకే ఇప్పా పడింది. వాటిలో అప్పటికి ఎవరూ లేరు.

తర్వాత సుత్తెమ్మకు ఆ అడవిలో ఎవరూ పని ఇవ్వలేదు. కొమ్మయ్య ఆమెను క్షమించలేదు. క్షమించమని ఆమె అడగనూ లేదు.

నీతి: పని చేసినంతే చెప్పుకోవాలి. మన మాట నమ్మి, దాని మీద ప్రాణాలు పెట్టుకునేవాళ్ళు ఉంటారు.